ఆడపిల్లల చదువు: దుర్గాబాయి తెరిచిన దారులు

ఆడపిల్లల చదువు కోసం పోరాడిన యువతి ఎవరని అడిగితే, ఈ రోజుల్లో ఎక్కువమంది మలాలా పేరు చెబుతారు. ఆమె 1997లో పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో, మింగోరా పట్టణంలో పుట్టింది. 2009 జనవరిలో తాలిబన్లు అక్కడి ఆడపిల్లల బడులు మూసేయాలని హుకుం జారీ చేసిన రోజుల్లో మారుపేరుతో బి.బి.సి. ఉర్దూ విభాగానికి డైరీ రాసింది. 2012 అక్టోబరు 9న బడి నుంచి ఇంటికి వెళుతుండగా ఆమెను తుపాకితో కాల్చారు. ఆమె బతికింది, చదువు మానలేదు. 2014లో పదిహేడేళ్ల వయసులో కైలాశ్ సత్యార్థితో కలిసి నోబెల్ శాంతి బహుమతి అందుకుంది.

ఇది మీకు తెలిసిన కథే. అయినా ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, స్వాత్‌లో చదువుకు అడ్డు నిలిచిందెవరో అందరికీ కనబడుతూనే ఉంది. మన దగ్గర పరిస్థితి వేరు. రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం మీదుగా సంగారెడ్డి వరకు హైవే వెంట ఏ బస్తీలోనైనా ఆగి అడగండి. ఆడపిల్ల చదవకూడదని మీతో ఎవరూ అనరు. చదివితే మంచిదే అంటారు. మరి పదో తరగతి తర్వాత ఆ ఇంటి అమ్మాయి ఏమవుతోంది? ఒక ఆదివారం సంపర్క తరగతిలో నేను ఇదే ప్రశ్న వేస్తే, పెళ్లయి ఇద్దరు పిల్లలున్న ఒక విద్యార్థిని లేచి ఇలా చెప్పింది: “సదువొద్దని మా ఇంట్ల ఎవ్వరన్నరు సార్? కాలేజీ దూరమున్నది, బస్సు దిగేసరికి చీకటైతది, పోరిని ఎట్ల పంపాలె అన్నరు. గంతే.”

ఆ “గంతే” అన్న మాట దగ్గరే ఈ పాఠం మొదలవుతుంది. ఆడపిల్ల చదువును ఆపేది చాలాసార్లు ద్వేషం కాదు. ప్రేమతోనో, మర్యాదతోనో చెప్పే ఒక చిన్న కారణం. దాంతో ఎలా పోరాడాలి? తుపాకిని ఖండించవచ్చు. “హాస్టల్ లేదమ్మా” అన్న మాటను ఎలా ఖండిస్తాం? ఈ ప్రశ్నకు తెలుగునాట అందరికంటే స్పష్టంగా, మాటల్లో కన్నా చేతల్లో ఎక్కువగా జవాబిచ్చిన వ్యక్తి దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ప్రణాళికా సంఘం సభ్యురాలిగా ఆమె పేరు మీరు పోటీ పరీక్షల పుస్తకాల్లో చూసే ఉంటారు. ఇక్కడ మనం చూడబోయేది ఆ పదవులకు ముందున్న అమ్మాయిని.

కాకినాడ బాలిక

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. గోదావరి జిల్లాల్లో స్త్రీ విద్య అప్పటికి కొత్త మాట కాదు. కందుకూరి వీరేశలింగం 1874లోనే ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. అయినా ఎనిమిదేళ్లకే దుర్గాబాయికి పెళ్లి చేశారు. సంస్కరణ గాలి వీచిన జిల్లాలోనే, చదువు మీద గౌరవం ఉన్న ఇంట్లోనే అలా జరిగిందంటే ఆనాటి ఆచారం ఎంత బలమైనదో ఊహించండి. బాల్యవివాహాలను నియంత్రించే శారదా చట్టం 1929లో గానీ రాలేదు. అది కూడా ఆడపిల్లకు పెట్టిన కనీస వయసు పద్నాలుగే.

కాపురానికి పంపే వయసు వచ్చినప్పుడు దుర్గాబాయి వెళ్లనన్నారు. తన దారి వేరని, మరొకరిని పెళ్లి చేసుకొమ్మని భర్తకే చెప్పారు. తండ్రి రామారావు, తమ్ముడు ఆమె పక్షాన నిలిచారు. ఈ విషయాన్ని దాటవేయకుండా గుర్తుపెట్టుకోవాలి. ఆమె ధైర్యం ఎంత నిజమో, ఆ ధైర్యానికి ఇంట్లో చోటు దొరికిందన్నదీ అంతే నిజం. అలాంటి తండ్రి దొరకని పిల్లలు వేలల్లో ఉన్నారు. ఆమె తర్వాత కట్టిన సంస్థలు ఆ పిల్లల కోసమే అని చెప్పుకోవచ్చు.

బడిలో ఇంగ్లీషు మాధ్యమాన్ని రుద్దుతున్నారని ఆమె చదువు మానేశారు. పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేయడానికి అప్పు చేస్తున్న ఈనాటి తల్లిదండ్రులకు ఇది వింతగా తోచవచ్చు. అది స్వాతంత్ర్యోద్యమ కాలమని, ఇంగ్లీషు అప్పుడు పాలకుల భాష అని గుర్తుంచుకుంటే ఆ కోపం అర్థమవుతుంది. బడి మానేసిన పిల్ల ఊరుకోలేదు. హిందీ నేర్చుకుని, తోటి ఆడపిల్లలకు, ఇళ్లు దాటి రాని స్త్రీలకు నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల ప్రారంభించారు. అప్పటికి ఆమె వయసు, ఈనాటి లెక్కలో చెప్పాలంటే, హైస్కూలు వయసు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఖాదీ ప్రదర్శనశాల ద్వారం దగ్గర స్వచ్ఛంద సేవికగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపిన సంగతి అందరూ చెప్పుకుంటారు. సరదా అయిన కథే. నా దృష్టిలో మాత్రం దానికంటే రెండేళ్ల ముందు జరిగిన సంగతి ఎక్కువ విలువైనది.

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. దుర్గాబాయికి పన్నెండేళ్లు నిండలేదు. ఆ ఊళ్లోని దేవదాసీ స్త్రీలు, గోషా పాటించే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని ఆమె కోరిక. బహిరంగ సభకు వారు రాలేరు. ఒకరిని సమాజం పక్కన కూర్చోనివ్వదు, మరొకరిని ఇల్లు గడప దాటనివ్వదు. అందుకని వారికోసం విడిగా ఒక సభ కావాలని ఆమె అడిగారు. స్థానిక నిర్వాహకులు కాదనలేదు. గాంధీజీకి ఐదు వేల రూపాయల నిధి సమర్పిస్తే కొద్ది నిమిషాలు కేటాయిస్తామన్నారు. 1921లో ఐదు వేలు! చిన్నపిల్ల ఆ మాటతో వెనక్కి వెళ్లిపోతుందని వారు అనుకుని ఉండవచ్చు.

దుర్గాబాయి ఆ షరతును షరతుగానే తీసుకున్నారు. దేవదాసీ స్త్రీల దగ్గరకు వెళ్లారు. డబ్బు పోగయింది. సభకు చోటు కావాల్సి వచ్చింది. తన బడి ప్రధానోపాధ్యాయుణ్ణి ఒప్పించి బడి ఆవరణ సంపాదించారు. గాంధీజీ వచ్చారు, అనుకున్న దానికన్నా చాలాసేపు ఉన్నారు. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆయన మాటలను దుర్గాబాయే తెలుగులో చెప్పారు. తర్వాత జరిగిన పెద్ద సభలో కొండ వెంకటప్పయ్య గారు అనువాదం మొదలుపెడితే, ఆ అమ్మాయినే చెప్పనివ్వమని గాంధీజీ అన్నారు.

ఈ సంఘటనలో ఆమె పద్ధతి మొత్తం ఉంది. కోరిక చెప్పడం, అవతలివాళ్లు చెప్పిన అడ్డంకిని సాకు అని తిట్టకుండా నిజమైన అడ్డంకిగానే తీసుకోవడం, దాన్ని తొలగించి మళ్లీ వచ్చి నిలబడటం. కాదనడానికి అప్పుడు వాళ్ల దగ్గర ఏమీ మిగలదు. ఆమె జీవితంలో ఈ క్రమం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ఇరవై నాలుగేళ్లకు మళ్లీ మొదలు

1930లో ఉప్పు సత్యాగ్రహం. మద్రాసులో పాల్గొన్నందుకు దుర్గాబాయిని అరెస్టు చేశారు. 1930–33 మధ్య మూడుసార్లు జైలు. మదురై జైల్లో ఏకాంత ఖైదు ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. జైళ్లలో రాజకీయ ఖైదీలతోపాటు సామాన్య నేరాల కింద శిక్ష పడిన స్త్రీలు కూడా ఉండేవారు. వారితో మాట్లాడినకొద్దీ ఆమెకు ఒక సంగతి అర్థమైంది. తమ మీద మోపిన నేరమేమిటో, కోర్టులో ఏం జరిగిందో వారిలో చాలామందికి తెలియదు. చదవలేరు, అడిగేవారు లేరు. న్యాయశాస్త్రం చదవాలన్న ఆలోచన ఆమెకు అక్కడే వచ్చింది.

కానీ న్యాయశాస్త్రానికి డిగ్రీ కావాలి, డిగ్రీకి ఇంటర్, ఇంటర్‌కు మెట్రిక్. చివరిసారి జైలు నుంచి బయటికి వచ్చేసరికి ఆమె వయసు ఇరవై నాలుగు, చేతిలో మెట్రిక్ లేదు. ఈ పుస్తకం చదువుతున్న మీలో కొందరికి ఈ స్థితి ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. తనకంటే పదేళ్లు చిన్నవాళ్ల పాఠాలు ముందేసుకుని కూర్చోవడంలో ఉండే బిడియం బయటివాళ్లకు తెలియదు.

బడికి వెళ్లకుండా ప్రైవేటుగా కూర్చుని పరీక్ష రాసే అవకాశం బెనారస్‌లో ఉంది. దుర్గాబాయి ఇంటి దగ్గరే చదువుకుని బెనారస్ మెట్రిక్యులేషన్ రాశారు, తర్వాత ఇంటర్మీడియట్ కూడా అక్కడే పూర్తిచేశారు. రాజనీతి శాస్త్రంలో డిగ్రీ చేయాలనుకుంటే, ఆ శాస్త్రంలో స్త్రీలకు ప్రవేశం అక్కడ దొరకలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటి ఉపాధ్యక్షులు సి.ఆర్. రెడ్డి. పండితుడు, విశాల హృదయుడు, స్త్రీ విద్యకు విరోధి ఎంతమాత్రం కారు. అయినా సంకోచించారు. కారణం, స్త్రీలకు హాస్టల్ లేదు.

ఇక్కడ కాస్త ఆగండి. ఒక విశ్వవిద్యాలయం ఉంది. అందులో స్త్రీలు చేరకూడదన్న నిబంధన లేదు. ఉపాధ్యక్షుడికి వ్యతిరేకత లేదు. హాస్టల్ లేదు కాబట్టి స్త్రీలు చేరరు, స్త్రీలు చేరరు కాబట్టి హాస్టల్ కట్టరు. ఇందులో దోషి ఎవరు? వేలెత్తి చూపడానికి మనిషి దొరకడు. సంస్థలు ఆడపిల్లల్ని బయట ఉంచే తీరు సాధారణంగా ఇదే. సమాజశాస్త్రంలో మీరు “వ్యవస్థాగత వివక్ష” అన్న మాట చదివి ఉంటారు. దాన్ని నిర్వచనంగా బట్టీ పట్టే కన్నా ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే చాలు.

దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేయించారు. విశ్వవిద్యాలయంలో చదవాలని ఉండి, వసతి లేక ఆగిపోయిన అమ్మాయిలు తనకు రాయాలని కోరారు. ఉత్తరాలు వచ్చాయి. ఆ అమ్మాయిలను కూడగట్టి, ఉండటానికి చోటు చూసుకుని, తామే హాస్టల్‌గా ఏర్పడ్డారు. ఇంక ప్రవేశం ఇవ్వక తప్పలేదు. ఆమె ఒక్కతే ఎలాగో సీటు సంపాదించుకుని ఉంటే అది వ్యక్తిగత విజయం అయ్యేది. ప్రకటన వేయడంతో తలుపు తనతోపాటు ఇంకొందరికి తెరుచుకుంది. 1939లో రాజనీతి శాస్త్రంలో బి.ఏ. ఆనర్స్ పట్టా పొందారు. అప్పటికి ముప్ఫై ఏళ్లు. ఆ తర్వాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివి 1942లో న్యాయవాది అయ్యారు.

తన దారి పదిమందికి

ఆనర్స్ చదువు సాగుతున్న రోజుల్లోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ రూపుదిద్దుకుంది. ఆ సభ చేపట్టిన పనుల్లో మన పాఠానికి ముఖ్యమైనది ఒకటుంది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను, బాలవితంతువులను, భర్త వదిలేసినవారిని కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం. తాను ఏ సందులోంచి బయటపడ్డారో ఆ సందునే రోడ్డుగా వెడల్పు చేశారన్నమాట.

దూరపు పరీక్షను ఆసరా చేసుకున్నది ఆమె ఒక్కరే కాదు. మీ ప్రాంతం అప్పుడు నిజాం పాలనలో ఉంది. ఇక్కడ తెలుగులో చదవాలన్న ఆడపిల్లకు అడ్డంకులు రెండింతలు. 1928లో హైదరాబాదులో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల స్థాపించారు. నారాయణగూడలో ఈనాటికీ ఆ పేరు వినిపిస్తుంది. మాధ్యమం తెలుగు కావడంతో ఇక్కడ గుర్తింపు దొరకలేదు. దాంతో ధోండో కేశవ కార్వే 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేసి అక్కడి పరీక్షలు రాయించారు. తెలుగు పిల్ల, హైదరాబాదు బడి, పూనా పరీక్ష! దూరవిద్య అన్న మాట పుట్టక ముందే ఆడపిల్లలు దాని అవసరాన్ని అనుభవించారు.

స్వాతంత్ర్యం తర్వాత దుర్గాబాయి చేతికి అధికారం వచ్చింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. 1958లో ఆ బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. ఏళ్ల తరబడి సాగే బడి చదువును సుమారు రెండేళ్లకు కుదించి, పరీక్షకు పంపి, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా పని దొరికేలా చేయడం వాటి ఉద్దేశం. మద్రాసులో బెనారస్ మెట్రిక్ తరగతుల అనుభవం దేశవ్యాప్త పథకమైంది. అదే 1958లో ప్రభుత్వం ఆమె అధ్యక్షతన స్త్రీ విద్యపై జాతీయ కమిటీ వేసింది. 1959లో వచ్చిన ఆ నివేదికను దుర్గాబాయి దేశ్‌ముఖ్ కమిటీ నివేదిక అని మీరు విద్యాశాస్త్ర పాఠాల్లో చదువుతారు. స్త్రీ విద్యను మామూలు విద్యలో ఒక భాగంగా చూస్తే సరిపోదని, కొంతకాలం పాటు ప్రత్యేక సమస్యగా తీసుకోవాలని, బాలబాలికల మధ్య తేడా చెరిగే వరకు దానికి ప్రత్యేక యంత్రాంగం ఉండాలని ఆ కమిటీ చెప్పింది. ఆ ఏడాదే జాతీయ మహిళా విద్యా మండలి ఏర్పడింది, తొలి అధ్యక్షురాలు ఆమే. పరీక్షకు ఈ వివరాలు అవసరం కాబట్టి ఇచ్చాను. నిజానికి ఆ నివేదిక వెనుక ఉన్నది 1921 నాటి ఐదు వేల రూపాయలు, వాల్తేరులో లేని హాస్టలు.

ఆమె కృషికి హద్దులు లేవని చెప్పను. అక్షరం ఉన్న కులంలో, అండనిచ్చిన కుటుంబంలో పుట్టినందువల్ల కలిగిన వెసులుబాటు చిన్నది కాదు. కాకినాడలో నిధి పోగుచేయడానికి తోడ్పడిన దేవదాసీ స్త్రీల పిల్లల్లో ఎందరు ఆనర్స్ చదివి ఉంటారు? స్వచ్ఛంద సంస్థలు, బోర్డులు చేరుకోగల స్త్రీలు కొందరే. మిగిలినవారికి ప్రభుత్వ బడే దిక్కు. ఆమె రోజుల్లో ప్రాథమిక విద్య హక్కు కాదు, 2009 చట్టంతో గానీ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు అది హక్కు కాలేదు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు బడితోపాటు వసతి కూడా ఇస్తాయి. హాస్టల్ విషయంలో దుర్గాబాయి పట్టుదల ఎంత సరైనదో ఆ విద్యాలయాలే చెబుతాయి.

మీ బస్తీలో

ఇప్పుడు మీ చుట్టూ చూడండి. 1970ల నుంచి ఈ దారి పొడవునా పరిశ్రమలు పెరిగాయి. మందుల కంపెనీలు, ఇంజనీరింగ్ యూనిట్లు, వాటి వెంట కాంట్రాక్టు పని, షిఫ్టులు, అద్దె గదుల వరసలు. పక్క జిల్లాల నుంచే కాక ఒడిశా, బిహార్ నుంచీ కుటుంబాలు వచ్చాయి. పరిశ్రమ జీతం తెచ్చింది, ఆడపిల్ల చదువుకు కొత్త రకం అడ్డంకులూ తెచ్చింది. తల్లిదండ్రులిద్దరూ షిఫ్టుకు వెళితే చిన్నపిల్లల్ని చూసేది పెద్దపిల్లే. ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు అయితే రెండేళ్లు వెనకబడేదీ పిల్లే. పద్నాలుగేళ్ల తర్వాత చట్టం చేయి వదిలేస్తుంది, సరిగ్గా ఆ వయసులోనే కాలేజీ ఊరు దాటుతుంది. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరమైనా, చదువు ఆగిన ఇంట్లో పెళ్లి మాట త్వరగానే మొదలవుతుంది. చాలాచోట్ల జరిగే క్రమం ఇదే. ముందు చదువు ఆగుతుంది, తర్వాత సంబంధం వస్తుంది. పెళ్లి వల్లే చదువు ఆగిందని మనం తిరగేసి చెప్పుకుంటాం.

దీన్ని “అవగాహన లేకపోవడం” అని రాసే అలవాటు మన విద్యార్థుల జవాబుపత్రాల్లో ఎక్కువ. అవగాహన సదస్సు పెట్టాలని సూచన కూడా రాస్తారు. ఆ తల్లికి అవగాహన ఉంది. లేనిది ఆరు గంటల బస్సు. లేదా పిల్లను వదిలి వెళ్లడానికి అంగన్‌వాడీ వేళలు కుదరవు. కొన్నిచోట్ల లేనిది కాలేజీలో వాడదగిన మరుగుదొడ్డి.

1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, ఇంటర్ చదవనివారికి కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి కల్పించారు. దుర్గాబాయి అంతకుముందు ఏడాదే, 1981 మే 9న, కన్నుమూశారు. షిఫ్టు దిగి వచ్చి, పిల్లలు పడుకున్నాక ఈ పేజీ తిప్పుతున్న మీకు, ఇరవై నాలుగేళ్ల వయసులో బెనారస్ పరీక్షకు కూర్చున్న ఆమెకు మధ్య దూరం అంత ఎక్కువేమీ కాదు.

ఈ పాఠానికి క్షేత్రకార్యం ఒకటుంది. మీ వాడలో పదో తరగతి తర్వాత చదువు ఆగిన అమ్మాయి ఉన్న ఒక ఇంటికి వెళ్లండి. ఎందుకు మాన్పించారని అడగకండి. అలా అడిగితే నేరం మోపినట్టు ఉంటుంది, మీకు దొరికేది సంజాయిషీ మాత్రమే. మళ్లీ పంపాలంటే ఏమేమి కావాలని అడగండి. అమ్మాయిని విడిగా కూడా అడగండి, ఆమె జవాబు తల్లిదండ్రుల జవాబుతో కలవకపోవచ్చు. పేర్లు, ఇంటి గుర్తులు రాయవద్దు. వాళ్లు చెప్పిన మాటలను వాళ్ల మాటల్లోనే రాయండి. పేదరికం, మూఢాచారం, నిరక్షరాస్యత అని ఒక్క ముక్కలో తేల్చిన జవాబుకు మార్కులు ఉండవు. కావలసినవాటిలో ఏది గ్రామ పంచాయతీ చేయగలదు, ఏది ఆర్టీసీ డిపో చేయగలదు, ఏది బడి ప్రధానోపాధ్యాయుడు చేయగలడు, ఏది నలుగురు ఇరుగుపొరుగు కలిస్తే అయిపోతుంది అన్నది విడివిడిగా చూపండి. రెండు పేజీలు చాలు. బస్సు సంగతి వస్తే, అది ఎన్ని గంటల బస్సో కూడా రాయండి.